లేజర్ ఆగాక మిగిలిన పచ్చదనం

చిలకలగూడ,
శనివారం.

షెకీనాకు అమ్మమ్మ దీవెనలు.

ఒక కొస ఎలక్ట్రాన్లిస్తే మరో కొస లాక్కునే నీ అణువు, లేజర్ కాంతి పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసి పచ్చ వెలుగిస్తుందని థీసిస్‌లో రాశావు. లేజర్ ఆగాక కూడా ఆ పచ్చదనం కాసేపు నిలిచిందని నిన్న ఫోన్లో ఏడ్చావు. రెట్టింపైన కాంతి లేజర్‌తోనే పోవాలి. మిగిలింది అణువు సొంత మినుకు, అంటే థీసిస్‌లో రాసింది తప్పు.

“జెర సప్పుడు చెయ్యకు, ఎవరడుగుతరు” అన్నారట మీ గైడు. నేనడుగుతున్నాను.

ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు కనుక్కోవలసిన ఉప్పు పేరు వాళ్ల చెవిలో ఊదడం నేను కెమిస్ట్రీ చెప్పిన కాలేజీలో ఆచారం. నేను ఎవరికీ ఊదలేదు, నా దగ్గరే చదివిన మీ అమ్మ గ్లోరియాకు కూడా. తను పరీక్ష తప్పింది, ఏడాది నాతో మాట్లాడలేదు.

సోమవారం వైవాలో ఎవరూ అడగకముందే ఆ తప్పు నువ్వే చెప్పు. డిగ్రీ ఆలస్యమవుతుంది, నిజమే.

ఈ ఉత్తరం నీకు తెచ్చిచ్చే మీ అమ్మకు చూపించాను. సోమవారం నీతో రావడానికి సెలవు పెట్టింది.

అమ్మమ్మ