ఐదు మూలల బండ

జులై 6, ఆదివారం

ఈ రోజు నుంచి మొదలు. ఇంటి ముందర నేలంతా ఐదు మూలల బండలే పరుస్తాను. సందు లేకుండా! మా జ్యోతి సంవత్సరీకం ఆగస్టు మూడున. ఆలోపల అయిపోవాలి. అయిపోతుంది.

ఐదే ఎందుకంటే, పందెం. పోయిన ఏడాది ఎండాకాలం జ్యోతి హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం కొట్లాడుకున్నాం. బేతంచెర్లలో అందరి ఇండ్ల ముందరా నాలుగు మూలల బండలే, మనవి వేరేగా ఉండాలి, ఐదు మూలలవి పరిపిద్దాం అన్నాను. అది పడీ పడీ నవ్వింది.

"ఐదు కుదరదు మా. మూడు కుదురుతాది, నాలుగు కుదురుతాది, ఆరు కుదురుతాది. ఐదు మాత్రం తలకిందులుగా తపస్సు చేసినా కుదరదు."

"ఏం, పాండవులు ఐదుమంది కుదరలేదా?"

"యాడ కుదిరినార్లే మా, అడవులు పట్టి పోయినారు."

దాని చదువంతా అదే. ఉప్పుకల్లులో, కలకండలో, ఇనుములో కంటికి కనపడని రవ్వలు ఎట్లా వరసగా పేర్చుకుని ఉంటాయో కంప్యూటర్‌లో బొమ్మ కట్టడం. "పరిచి చూపించు, దసరాకు వచ్చి చూస్తా" అని పందెం వేసి పోయింది. శ్రావణంలో జ్వరం వచ్చింది. వారం తిరక్కముందే పోయింది. మా నేల మట్టినేలగానే ఉండిపోయింది.

నేను చదివింది ఐదో తరగతి. ఐదు నా నంబరు. చూద్దాం ఎవరు గెలుస్తారో.

జులై 7, సోమవారం

మా ఆయన గిడ్డయ్యది బండల ఫ్యాక్టరీలో కోత మిషను పని. పారేసే తునకలు ఎన్నో ఉంటాయి. ఐదు మూలలు, ఐదు పక్కలూ సమానంగా కోసుకొని రమ్మన్నాను.

"యాలమ్మే, దేనికి?"

"నేలకు."

"ఏ నేలకు?"

"మన నేలకే. ఇంకేం ఆకాశానికా?"

ఏడాదిగా మేమిద్దరం ఇంత పొడుగు మాట్లాడుకోలేదు.

సాయంత్రం ఆటో నిండా బండలు! ఎంత ముద్దుగా ఉన్నాయో. నల్లగా, నున్నగా, పువ్వుల మాదిరి. జ్యోతీ, నీ పని అయిపోయింది.

జులై 8, మంగళవారం

పొద్దున 6: కొబ్బరికాయ కొట్టి మొదటి బండ పెట్టాను. పక్కన రెండోది. అతుక్కుంది! ఆ రెండింటి నడుమ మూడోది. అతుక్కుంది! ఐదో తరగతి ముందర పెద్ద చదువు ఓడిపోయింది.

6.20: నాలుగోది పట్టడం లేదు. మూడు బండలు కలిసిన చోట కత్తి మొన మాదిరి ఒక సందు. బండ పెడదామంటే చోటు చాలదు, వదిలేద్దామంటే కన్ను ఊరుకోదు.

సరిగా కోయలేదని ఆయన్ను తిట్టాను. "కోసింది మిషను, నేను గాదు. దాన్ని తిట్టుకో పో" అన్నాడు.

జులై 10, గురువారం

తప్పు యాడ జరిగిందో కనిపెట్టాను.

ఒకటి, నేల ఎగుడుదిగుడు. రెండు, ఎండకు బండ సాగింది (ఇది పక్కింటి ఈరక్క చెప్పింది). మూడు, మంగళవారం మొదలుపెట్టడం.

అన్నీ పీకేశాను. శుక్రవారం మళ్ళీ మొదలు.

జులై 11, శుక్రవారం

నేల చదును చేశాను. బండల మీద తడిగోతం కప్పాను. శుక్రవారమే. అదే సందు.

జులై 13, ఆదివారం

నేను పరిచిన బండల మీద ఈరక్క సందులు చూసుకోకుండా కొర్రలు ఆరబోసింది. ఎత్తుకునేటప్పుడు లబోదిబో.

"ఓబులక్కా, నీ నేల నా కొర్రలు మింగుతాండాది!"

"మింగితే మింగనీలే, మళ్ళ మొలుస్తాయి."

"నీ బిడ్డ ముందే చెప్పె గదా, కుదరదని. ఆ పిల్ల మాట వినింటే నా కొర్రలు నాకుండు."

అని నాలుక కరుచుకుంది. జ్యోతి పేరు నా ఎదుట ఎవరూ ఎత్తరు, ఎత్తితే ఏడుస్తానని. ఈరక్క ఎత్తేసింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఏడాది తరువాత కోపం రావడం ఎంత బాగుందో!

"దానికేం తెలుసునే? నాకు పుట్టింది అది, దానికి నేను పుట్టలేదు" అన్నాను.

సందుల్లో సిమెంటు పోసేశాను. సిమెంటు పోస్తే అది సందు ఎట్లా అవుతుంది?

జులై 17, గురువారం

స్వర్ణలతకు ఫోన్ చేశాను. కడప పిల్ల. జ్యోతితో పాటు చేరి, ఇంకా అదే చదువు చదువుతోంది. నేలను వీడియోలో చూపించాను.

"సిమెంటు లెక్కకు రాదత్తా."

"ఎవరు చెప్పినారు?"

"మీ జ్యోతే చెప్పేది. నువ్వు కండ్లు మూసుకుంటే ఎవరన్నా బండను ఒక మూల జరిగేంత తిప్పల్ల. కండ్లు తెరిస్తే తిప్పినారో లేదో నీకు తెలియగూడదు. అట్లాంటి బండతోనే, సందు లేకుండా నేల నిండల్ల. అప్పుడే నువ్వు గెలిచినట్టు."

"తెలియకపోతే ఏమొస్తాదంట?"

"శానా వస్తాదత్తా. రవ్వలు కూర్చున్న ఒక్క గూడు ఎట్లుండాదో తెలిస్తే చాలు, కంప్యూటర్ దాన్నే తిప్పి, జరిపి, ఉప్పుకల్లు మొత్తం కట్టేస్తాది. కోటానుకోట్ల రవ్వల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టే పని తప్పుతాది."

"అంటే పని తప్పించుకునే చదువన్నమాట మీది."

"అంతే అత్తా. దానికే మాకు డాక్టర్ పట్టా ఇస్తారు."

జులై 20, ఆదివారం

గెలిచాను! గెలిచాను!

పలక మీద చిన్నపిల్లలు ఇల్లు బొమ్మ గీస్తారు చూడు. రెండు గోడలు, కింద నేల, పైన కప్పు. మూలలు ఎన్ని? ఐదు! ఆయన చేత అట్లాంటివి కోయించి, పాతవి పీకేసి పరిచాను. ఒక వరస కప్పు పైకి, ఇంకో వరస కప్పు కిందికి. ఒక వరస కప్పుల మధ్యకు ఇంకో వరస కప్పులు దిగాయి. సందు లేదు! సూది కూడా దూరదు. ఈరక్కను పిలిచి కొర్రలు పోసి చూపించాను. ఒక్క గింజ పోలేదు.

పాయసం చేశాను.

జులై 21, సోమవారం

ఆయన పాయసం ముట్టలేదు. చాలాసేపు బండలనే చూసి, "కండ్లు మూసుకోమ్మే" అన్నాడు.

మూసుకున్నాను. బండ గీరుకున్న చప్పుడు.

"ఇప్పుడు తెరువు. తిప్పినానా, లేదా?"

కప్పు ఈశాన్యానికి తిరిగి ఉంది. తిప్పినట్టు గుడ్డివాళ్ళకు కూడా తెలుస్తుంది.

"తిప్పలేదు" అన్నాను.

"మే."

"నాకేం తేడా కనపడలే!"

"బిడ్డ వేసిన పందెంలో దొంగాట యాలమ్మే? గెలిస్తే న్యాయంగా గెలువు, లేకపోతే లేదు."

బిడ్డ అనే మాట ఈ ఏడాదిలో ఆయన నోట వినలేదు. పాత ఐదు మూలల బండ ఒకటి తెచ్చి పెట్టాడు. మళ్ళీ కండ్లు మూయించాడు. తెరిస్తే నిజంగానే తెలియలేదు. ఇంకోసారి అన్నాను. ఇంకోసారి. అన్నం పొయ్యి మీద అడుగంటింది.

ఇల్లు బొమ్మ బండలన్నీ లేపేసి, పాత ఐదు మూలలవే కొన్ని సందులతోనే మళ్ళీ పెట్టాము. పాయసం ఈరక్కకు పోయింది.

జులై 24, గురువారం

ఈ రోజు మోకాళ్ళ నొప్పి.

జులై 25, శుక్రవారం

మబ్బు పట్టింది. వాన వస్తే నేల బురదైపోతుంది కాబట్టి పని పెట్టుకోలేదు. వాన రాలేదు. ఈ సీమలో వానను నమ్ముకుని పని మానుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

జులై 27, ఆదివారం

బండల కుప్ప మీద కోడి గుడ్డు పెట్టింది. దాన్ని లేపితే పాపం కదా. ఈ రోజు కూడా లేదు.

జులై 29, మంగళవారం

ఆయన చెప్పకుండా నాలుగు మూలల బండలు ఆటోలో తెచ్చాడు. సంవత్సరీకానికి పదిమంది వస్తారు, కూర్చోను చోటు కావాలంటాడు. చోటు కావాల్సిందే. కానీ ఒక్కటి కూడా దించనివ్వలేదు. ఆ బండ నేల మీద పడిందంటే పందెం అయిపోయినట్టే. అయిపోతే జ్యోతితో నాకు ఇంకేం మాటలు మిగులుతాయి?

ఆటో అట్లే తిరిగిపోయింది. ఆటో ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ.

ఆగస్టు 3, ఆదివారం

సందుల నేల మీద టార్పాలిన్ పరిచాము. పరిచేటప్పుడు మా బావగారు సందులో వేలు ఇరికించుకుని, ఐదు మూలలు ఎవరు కోసిందిరా అని కేకలు. ఆయన నన్ను చూపించాడు. నేను కోడిని చూపించాను.

కడప నుంచి స్వర్ణలత వచ్చింది. పిండాలు అయ్యాక పక్కన కూర్చుని, టార్పాలిన్ ఎత్తి చూసి, నవ్వు బిగబట్టుకుంది.

"నవ్వుమే, ఓడిపోయినా" అన్నాను. "అది చెప్పినట్టే ఐదు ఎక్కడా లేదు."

"ఉందత్తా."

"ఏంది?"

"ఐదు ఉండాది. కొన్ని లోహాలు కలిపి చల్లారిస్తే లోపల ఐదు వస్తాది. ఒకే ఆకారంతో అయితే కుదరదు. రెండు ఆకారాలు కావల్ల. జ్యోతి చేస్తాండిన పనే అది."

స్వర్ణలత చెయ్యి పట్టుకున్నాను.

"నాకు కుదరదని చెప్పె గదే!"

"ల్యాబుకు వచ్చి మాకందరికీ చెప్పి నవ్విందత్తా. మా అమ్మను ఎగదోసి వచ్చినా, దసరా దాకా కొట్లాడుతాంటాది, దసరాకు పోయి రెండో ఆకారం చెప్తానని."

దొంగది! తెలిసి తెలిసి నన్ను మట్టిలో దించింది! నవ్వు వచ్చింది. ఆపుకుంటే ఇంకా వచ్చింది. పంతులు మంత్రం ఆపేశాడు. బావగారు నీళ్ళు తెమ్మన్నాడు. ఈరక్క నా వీపు నిమురుతూ, "ఏడువక్కా, ఏడువు" అంటుంది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే సరిగా తెలియలేదు.

అందరూ పోయాక స్వర్ణలత సుద్దముక్కతో నేల మీద గీసింది. నాలుగు పక్కలూ సమానమే, కానీ పక్కకు వాలిన బండలు. లావుగా వాలింది ఒకటి, సన్నగా వాలింది ఒకటి.

"ఇవి నాలుగు మూలలవి గదే!"

"లావువి ఐదు ఒకచోట కలుపుతా, చూడు."

కలిపింది. నక్షత్రం! కత్తి మొనంత సందు కూడా లేదు. కానీ ఇంకో మాట చెప్పింది. గళ్ళ చీర మాదిరి ఒకే వరస మళ్ళీ మళ్ళీ తిరిగి రాదట. ఒక గూడు చూసి మిగతాది చెప్పలేరట. కంప్యూటర్ కూడా తల పట్టుకుంటుందట. ప్రతి బండా చూసుకుని చూసుకుని పెట్టాల్సిందే.

ఆగస్టు 4, సోమవారం

ఈ రోజు నుంచి మొదలు. ఇంటి ముందర నేలంతా రెండు ఆకారాల బండలే. సందు లేకుండా!

ఆయన పొద్దున్నే ఫ్యాక్టరీకి పోయి కొలతలు పెట్టుకున్నాడు. లావువి నేను పెడతాను, సన్నవి ఆయన పెడతాడు. దసరా లోపల అయిపోతుంది. ఈసారి కూడా కుదరలేదంటే తప్పు నాది కాదు. సగం చెప్పి పోయినదానిది.