నడుము ఆడని బండి

అన్నా,

నువ్వు పోయి మూడు నెలలాయ. గనిలో రాళ్లు మోసే నీ డంపర్‌ను ఆ పొద్దుట్నుంచీ ఎవరూ తోల్లేదు. ఈ పొద్దు గని ఓనరు నీ పాత పసుపు బండినీ, నేను తోలే కొత్త తెల్లబండినీ అమ్మకానికి పెట్టినాడు.

ఏ కంపెనీది గట్టిది, అమ్మితే దేనికి ధర వస్తాదని మనం ఎంత కొట్లాడుకున్నామో. "రంగు చూసి కాదప్పా, నడుము చూసి కొంటారు" అనేవాడివి. అన్నం చల్లారిపోతాన్నా బండి కింద దూరి నడుముకు గ్రీజు కొడతాంటే నేను నవ్వేవాణ్ణి.

బళ్లారి నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. ముందు ఇంజను, వెనక తొట్టి కలిసే నడుము కాడ ఇనప గడారు పెట్టి ఎత్తి చూసినాడు. నాది లొడలొడ ఆడింది. నీది కదల్లేదు. కొత్తదాని కంటే నీదానికే ఎక్కువ ఇచ్చినాడు.

"దీన్ని చూసుకున్నోడు ఎవరప్పా?"

"మా అన్న."

"బండితో పాటు ఆయన్నీ పంపు. పని ఇస్తా."

నువ్వు లేవని చెప్పకుండా, అడిగి చెప్తానని వచ్చేసినా.

ఏం చెప్పమంటావన్నా?