ఘాట్ రోడ్డు మీద చిన్న చుక్కలు

అన్నయ్యా,

మొన్న నీ సంవత్సరీకం అయింది. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తెలియక, మర్నాడే విజయనగరంలో మా రోడ్ల శాఖ ఆఫీసుకు వెళ్లిపోయాను.

సాలూరు ఘాట్ రోడ్డు మ్యాపు నాకే ఇచ్చారు. ప్రాణాలు పోయిన మలుపులన్నీ కంప్యూటర్లో గుర్తుపెట్టాలి. ఆ మ్యాపును పెద్ద బోర్డుగా చేసి, ఘాట్ ఎక్కే ముందు లారీలు ఆగే చోట పెడతారట. రంగులు, గుర్తులు నా ఇష్టానికే వదిలేశారు. ముందు నారింజ రంగు వేశాను. ఆకుపచ్చ కొండల మీద అది కంటికి ఆనడం లేదని ఎరుపు చేశాను. ఎక్కువ మంది పోయిన చోట చుక్క పెద్దదిగా పడుతుంది.

ఘాట్ మొత్తం ఒకేసారి తెరిచి చూస్తే, నీ లారీ బోల్తాపడిన మలుపులో ఏమీ కనబడలేదు. అక్కడ పోయింది నువ్వొక్కడివే.

కొత్తగా వచ్చిన రమణమ్మగారిది నా పక్క సీటే. "ఏటమ్మా, అలాగుండిపోనావు?" అంది.

"ఈ సుక్క కనబడతం లేదండీ."

"ఒక్కడే కదా పోయినాడు. కనబడకపోతే ఏటౌతాది?"

"మా అన్నయ్యండీ," అన్నాను.

ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుని, "పెద్దది సెయ్యమ్మా," అంది.

ఒక్కరే పోయిన చోట్ల పడే చుక్క సైజు పెంచాను. నీదొక్కటే కాదు, అంతవరకూ కనబడని చుక్కలన్నీ ఘాట్ పొడవునా బయటపడ్డాయి. వాటిలో నీది ఏదో వెతుక్కోవలసి వచ్చింది.

నీ చెల్లి