పుతోతో పంపాల్సిన చొక్కా

లిగాయా,

మూడింటి పడవలో సికిహోర్ నుంచి ఆ టీచరమ్మా వాళ్లాయనా పుతోని తీసుకెళ్లడానికి వస్తారు. మధ్యాహ్నం దానికి అన్నం కొంచెమే పెట్టు, లేకపోతే పడవలో కక్కుకుంటుంది. టీకాల పుస్తకం బియ్యం డబ్బా మీద పెట్టాను.

దాంతోపాటు ఉతకని గుడ్డ ఒకటి పంపడం మరిచిపోకు. పోయినసారి నల్లకుక్కకి ఇచ్చిన దుప్పటి నువ్వు సబ్బు పెట్టి ఉతికి మరీ ఇచ్చావు. మన వాసన దొరక్క అది మూడు రోజులు ముద్ద ముట్టలేదు. వాళ్లు తెచ్చి మళ్లీ మన గుమ్మంలో దింపిపోయారు.

ఈసారి గుడ్డ నా దిండు కింద ఉంది. మీ నాన్న నీలం చొక్కా. ఆయన పోయాక మిగతావన్నీ ఉతికేశాను, అదొక్కటే దాచుకున్నాను. ఆయన మంచాన పడ్డ నాలుగు నెలలూ పుతో ఆ మంచం కిందే పడుకుంది కదా. దానికి ఈ ఇంటి వాసనంటే ఆయనే. "వేరే ఇల్లు దొరికేదాకా సాకే కుక్కకి పేరు పెట్టకే, పెడితే పంపలేవు" అని నన్ను కసిరేవాడు. ఆవిరి మీంచి దించిన బియ్యప్పిండి పుతో అప్పంలా తెల్లగా ఉందంటూ తనే పెట్టాడు, మహానుభావుడు.

చొక్కా ఉతకొద్దని వాళ్లకి గట్టిగా చెప్పు. నా గురించి అడిగితే సంతకెళ్లిందను. సంతలో నాకేం పని లేదు.

అమ్మ

చొక్కాకి ఒక చెయ్యి లేదేమని కంగారుపడకు. పొద్దున నేనే కత్తిరించి ఉంచుకున్నాను. మిగిలింది పుతోకి చాలులే.