గోటితో నొక్కిన వరుస

జకార్తా, మార్చి 3

ప్రియమైన సుమిరా అమ్మకి,

మీ నింగ్రుమ్ నమస్కారాలు. ఫోన్ చేయకుండా ఈ బ్రెయిలీ చుక్కల ఉత్తరం ఎందుకంటారేమో! పెద్ద విషయం ఏదైనా వేలితోనే చెప్పుకోవాలని రూలు పెట్టింది మీరే కదా. పైగా ఫోన్‌లో చెబితే మీతో కలిసి మర్దన చేసే కర్తో మామయ్య విని, మీకంటే ముందు వీధంతా చాటేస్తాడు.

మర్దన వాళ్లని పిలిచే మా కంపెనీ యాప్ పూర్తయింది. ఇకమీదట మీ జోగ్జాలో హోటళ్లన్నీ దీంట్లోనే పిలుస్తాయి. చూపు లేని వాళ్లు దీన్ని వాడగలరా లేదా అని పరీక్షించింది నేనే! తెర మీదిది చదివి వినిపించే ఫోన్ గొంతుని నేను ఎంత వేగంగా పెట్టుకుంటానో తెలుసుగా. నూనెలో టెంపే సోయా ముక్కలు వేగుతున్నట్టు చిటపటలాడుతుంది. ఆఫీసులో వాళ్లంతా చుట్టూ చేరి, "ఇందులో మాటలు కూడా ఉన్నాయా?" అని నోరెళ్లబెట్టారు. బేరం వచ్చాక ఒప్పుకోవడానికి ఇరవై సెకన్ల గడువు. నేను ఏడు సెకన్లలో ముగించాను, అందరూ చప్పట్లు కొట్టారు.

"చూపు లేని వారందరూ సులువుగా వాడగలరు" అన్న పత్రం మీద మొదటి సంతకం నాది. మీరు నేర్పిన వేళ్లతో పెట్టిన సంతకం, అమ్మా.

మీ శిష్యురాలు,
నింగ్రుమ్


జోగ్జా, ఏప్రిల్ 11

బంగారు తల్లి నింగ్రుమ్‌కి,

ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చిన రోజే కర్తోకి మూడుసార్లు చదివి వినిపించాను. నాలుగోసారి మొదలుపెడితే "చాలు తల్లోయ్, నా చెవులు వాచిపోయాయి" అని అల్లం కషాయం గ్లాసు పట్టుకుని వాకిట్లోకి పారిపోయాడు. పోతే పోనీ. కళ్లు లేని పిల్ల సంతకం పెడితే గానీ కళ్లున్న వాళ్ల పని ముందుకు సాగలేదు! ఈ మాట వచ్చిన ప్రతి మనిషికీ చెబుతున్నాను. ఏడేళ్ల వయసులో "ఈ చుక్కలు గుచ్చుకుంటున్నాయి, నాకొద్దు" అని నా ఒళ్లో పడి ఏడ్చింది నువ్వేనా అనిపిస్తోంది.

మా ఫోన్లలో నీ యాప్ వేయించుకున్నాం. బేరాలకేం లోటు లేదు. కాస్త తీరిక కూడా దొరుకుతోంది, నా మోకాళ్లకి మంచిదే. నువ్వు వేళకి తింటున్నావా? జకార్తా వాళ్లు కూరల్లో మనలాగా బెల్లం వేయరట కదా, ఎలా మింగుతున్నావో!

నీ మేలు కోరే
సుమిరా


జకార్తా, ఏప్రిల్ 19

సుమిరా అమ్మా,

ఈసారి నమస్కారం తర్వాత పెడతాను. ముందు మీతో పోట్లాడాలి.

"బేరాలకేం లోటు లేదు" అన్న వరుసకి పైన కాగితం నున్నగా లేదు. ఏదో రాసి, గోటితో నొక్కి చదును చేశారు. తప్పు చుక్కని అలా నొక్కేయాలని నాకు నేర్పింది మీరే. "నొక్కినా వేలికి తెలిసిపోతుందే, ముందే సరిగ్గా రాసి ఏడువు" అని నెత్తిన మొట్టిందీ మీరే. ఆదివారం మధ్యాహ్నమంతా ఆ ఒక్క వరుసనే తడిమాను. "ఫోన్ అడ్రసు చదివి ముగించేలోపే బేరం జారిపోతోంది. నెలలో రెండే దక్కాయి. ఇలాగైతే మన మర్దన ఇల్లు మూసేయాలి."

ఫోన్ గొంతుని మీరు వినే వేగానికి తగ్గించి చూశాను. హోటల్ పేరు వచ్చింది, వీధి పేరు సగం వచ్చింది, టింగుమని గంట మోగింది, బేరం ఇంకొకరికి పోయింది. పదిసార్లు చూశాను. పదిసార్లూ అంతే. అరవై రెండేళ్ల వయసులో ఒక చెవితో వినే మనిషి సంగతి నాకు తట్టనే లేదు. తట్టకుండా "అందరూ" అని సంతకం పెట్టాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

గురువారం ప్రభుత్వం వాళ్ల ముందు యాప్ చూపిస్తున్నారు. నా పత్రమే చదువుతారట. నేను లేచి నిలబడతాను. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు.

నింగ్రుమ్


జకార్తా, మే 2

ప్రియమైన అమ్మకి,

మీ దగ్గర్నుంచి జవాబు లేదు. కోపమా, భయమా? జరిగింది మాత్రం రాస్తున్నాను.

మా ఆఫీసు పెద్దాయన హెండ్రా గారు పత్రం చదవడం మొదలుపెట్టగానే లేచి "ఆ సంతకం తప్పు, సార్" అన్నాను.

"నువ్వు పెట్టిందేగా?"

"నేను పెట్టిందే. నా చెవుల్ని పరీక్షించుకుని, యాప్‌ని పరీక్షించానని రాశాను."

"కూర్చోమ్మా, తర్వాత మాట్లాడదాం."

"ఇరవై సెకన్లే, సార్. ఒక్కసారి కళ్లు మూసుకుని మీరే బేరం పట్టండి."

అధికారుల ముందు కాదనలేకపోయారు. ఫోన్‌ని మీ వేగానికి పెట్టి చేతికిచ్చాను. గంట మోగింది, పోయింది. "ఇంకోసారి" అన్నారు. పోయింది. మూడోసారీ పోయాక అధికారుల్లో ఒకావిడ పక్కున నవ్వి, "మీరైతే పస్తులే, హెండ్రా గారూ!" అంది.

రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మూడో రోజు గడువు తీసేయించారు. ఇప్పుడు అడ్రసంతా వినిపించి, మనం అవుననో కాదనో చెప్పేదాకా బేరం మన దగ్గరే ఆగుతుంది. అందరికంటే నెమ్మదిగా వినేవాళ్లు సరేనన్నాకే ఎవరైనా సంతకం పెట్టాలని కంపెనీ రూల్లో రాయించాను. నాకు రావలసిన పై ఉద్యోగం మాత్రం వేరే అతనికిచ్చారు. రెండు రాత్రులు ఏడ్చాను, అబద్ధం ఎందుకు. అయినా ఇప్పుడు తల ఎత్తుకునే తిరుగుతున్నాను.

మీ
నింగ్రుమ్


జోగ్జా, మే 20

నా తల్లి నింగ్రుమ్‌కి,

కోపం కాదే. సిగ్గేసి రాయలేదు.

నిన్న వరుసగా నాలుగు బేరాలు. అడ్రసు ఆసాంతం విని, ఒకసారి దగ్గి, తీరుబడిగా "సరే" అన్నాను. కర్తో అయితే కావాలనే రెండుసార్లు చదివించుకుంటున్నాడు, జమీందారు ఫోజు! ఇల్లు మూయడం లేదు.

ఇక ఆ వరుస సంగతి. నీ పేరుకి మచ్చ రాకూడదని నొక్కేశాను, నిజమే. కానీ నా బల్ల మీద కొత్త కాగితాల దస్తా ఉంది. ఆ కాగితం చించేసి వేరేది రాసుకోవచ్చు. చించబోయి ఆగాను. నొక్కినా వేలికి తెలుస్తుందని నేర్పినదాన్ని నేనే కదా. నోరు తెరిచి అడగలేకపోయాను, చించి పారేయనూ లేకపోయాను. నీ వేళ్లు ఇంకా నెమ్మదిగా చదువుతాయో లేదో అనుకుంటూనే కవరు అంటించాను.

చదివావు.

నువ్వు సంతకం పెట్టావని మొదట వీధంతా చెప్పాను. ఇప్పుడు ఆ సంతకం తప్పని నువ్వే లేచి చెప్పావని ఊరంతా చెబుతున్నాను. నిన్న ఒకాయనకి మర్దన చేస్తూ, ఆ కథ చెబుతూ చెబుతూ గర్వం కొద్దీ భుజం ఎంత గట్టిగా నొక్కానంటే, పాపం కుయ్యోమన్నాడు. అయినా మిగతాది చెప్పేదాకా వదల్లేదు.

నిన్ను చూసి పొంగిపోతున్న
నీ సుమిరా అమ్మ