చేతులు వెనక్కి

అమ్మా, నేను కులాసా. దగ్గు తగ్గింది, బెంగపెట్టుకోకు.

ఆదివారాలు లైబ్రరీ వెనక గదిలో పిల్లలకు ఊరికే కంప్యూటర్ నేర్పుతున్నానని చెప్పాను కదా. అక్కడ పెద్ద టీచరమ్మది ఒకటే షరతు: నేర్పేవాళ్లు చేతులు వెనక్కి కట్టుకోవాలి, పిల్లల మౌస్ ముట్టుకోకూడదు. నిన్న టైలరుగారి అమ్మాయి తెరమీద పిల్లిబొమ్మను నడిపించడానికి ప్రోగ్రాం రాసింది. పిల్లి అంచుదాకా వెళ్లి నిలబడిపోతోంది. తప్పెక్కడుందో నాకు కనిపిస్తూనే ఉంది. నా చెయ్యి ఊరుకుంటుందా, ముందుకు వెళ్లనే వెళ్లింది. "ఆగండి మేడమ్, నన్ను చూడనివ్వండి" అందా పిల్ల. ముప్పావుగంట పట్టింది. పిల్లి వెనక్కి తిరిగి నడిచేసరికి కుర్చీలోంచి లేచి గెంతింది.

నాకేమో నువ్వు గుర్తొచ్చావు. ఫోన్ పట్టుకుని నువ్వేదైనా అడిగితే చాలు, "నీకు రాదులే, ఇలా ఇవ్వు" అని లాక్కునేదాన్ని. అందుకేగా ఇవాళ్టికీ నీకు కార్డు ముక్కే రాయాల్సి వస్తోంది.

కుట్టుమిషన్ బెల్టు మార్పించావా? నా పాత స్వెట్టరు ఎవరికీ ఇచ్చెయ్యకు. నాన్నకు నమస్కారాలు. బీరువాలో పడేసిన ఫోన్ బయటికి తియ్యి, తమ్ముణ్ణి మాత్రం ముట్టుకోనివ్వకు. పై నెల వస్తాను. ఎంతసేపు పట్టినా నీ పక్కన చేతులు వెనక్కి కట్టుకునే కూర్చుంటాను. సూదిలో దారం ఎక్కించడం నేర్చుకోవడానికి చిన్నప్పుడు నాకు ఓ మధ్యాహ్నమంతా పట్టింది. నువ్వు ఒక్కసారైనా సూది లాక్కున్నావా?

నీ తొందరపిల్ల