నలభై ఒకటో మైలు దగ్గర పది నిమిషాలు

డెస్మండ్ గారికి,

మన బ్రాంచి రైలు లైను చరిత్ర అచ్చుకి వెళ్లేముందు ఒకసారి చూడమని పంపారు. చూశాను. స్టేషన్లూ తేదీలూ సరిగ్గానే ఉన్నాయి. అరవయ్యో పేజీ మాత్రం మార్చాలి.

డ్రైవర్ క్లారీ నూనన్ ప్రతి శుక్రవారం నలభై ఒకటో మైలు దగ్గర పది నిమిషాలు బండి ఆపి, రికార్డులో "నీళ్లకు" అని రాసేవాడన్నారు. అక్కడ ఇంజనుకి నీళ్లు పట్టే ట్యాంకే లేదు కాబట్టి మందు తాగడానికే ఆపి ఉంటాడని మీరే తేల్చేశారు. ఆయన కూతురు ఈ ఊళ్లోనే ఉంది. ఆ పుస్తకం ఆమె కూడా చదువుతుంది.

ట్యాంకు లేని మాట నిజమే. అక్కడ గోధుమ చేల అంచున మూడు సమాధులుండేవి. ఒకటి మా మావిస్‌ది. మా ఆయన ఆ మైలు దగ్గర పట్టాల పనిలో ఉన్నప్పుడు, పదకొండు నెలల పిల్ల, జ్వరంతో పోయింది. తర్వాత మమ్మల్ని ఊళ్లోకి మార్చారు. మాకు కారు లేదు. శుక్రవారం సరుకులకి బండిలో పట్నం వెళ్తూ కిటికీలోంచి చూసి ఏడ్చేదాన్ని. గార్డు చెప్పాడో ఏమో, ఒకరోజు క్లారీ బండి ఆపి నేను కూర్చున్న పెట్టె దగ్గరికి వచ్చాడు.

"దిగమ్మా. ఎవరైనా అడిగితే ఇంజనుకి దాహమేసిందని చెప్తాలే."

నేనక్కడ గులాబీ అంటు నాటాను. అవి కరువు ఏళ్లు. తొమ్మిదేళ్లపాటు ఆయనే ఇంజను నీళ్లు బకెట్‌తో తెచ్చి పోశాడు. బండిలో జనం ఒక్కరూ విసుక్కోలేదు, బయట చెప్పలేదు.

లైను ఎత్తేశాక ఆ మొక్క ఒక్క వేసవే బతికింది.

తాగుడు మాట కొట్టేయండి. "నీళ్లకు" అన్నది అలాగే ఉంచండి. ఆయన అబద్ధం రాయలేదు.

మావిస్ వాళ్లమ్మ